తండ్రి పేరు గడి

బిష్కెక్,
జూన్ 9

ఉర్మత్ అన్నయ్యకి,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసెయ్యి. సొవెత్ మామ నీకు బొగ్గూ పిండీ తెచ్చే లారీలో, సీటు కింద పెట్టి తెస్తానన్నాడు. విప్పి చూడనని ఒట్టు వేయించుకున్నాను. మీ వాతావరణ కేంద్రంలో రేడియో ఉందిగా, కబురు చెప్పించొచ్చుగా అంటావేమో. రేడియోలో చెప్తే లోయంతా వింటుంది.

ఇంట్లో అందరూ బాగున్నారు. నాన్న మోకాలు ఫరవాలేదు. అమ్మ ఆప్రికాట్ జామ్ కాయడానికి సీసాలు కడుగుతోంది. నేనే బాగాలేను.

నాన్నకి కుస్తీ అంటే ఎంత పిచ్చో నీకు నేను చెప్పక్కర్లేదు. ఈ సెప్టెంబర్లో ప్రపంచ పోటీలు బుడాపెస్ట్‌లో. మన వాకిట్లో డామినోలు ఆడే ముసలాళ్ళు నలుగురూ కలిసి వెళ్దామనుకున్నారు. డెబ్భై ఒకటో ఏట నాన్న మొదటిసారి విమానం ఎక్కుతాడట. నలుగురిలో ఒక్కరికీ ఇంగ్లీషు రాదు. "తాన్‌సులూ రాకపోతే నేనూ వెళ్ళను. అక్కడ మరుగుదొడ్డి ఎటుందో కూడా నాకెవరు చదివిపెడతారు" అన్నాడు నాన్న. నేను చదివేది ఇంగ్లీషు మీడియం కాబట్టి వీసా ఫారాలు ఐదూ నా నెత్తినే పడ్డాయి.

నింపేటప్పుడు బాగానే నవ్వుకున్నాం. ఫోటోలో చెవులు స్పష్టంగా కనపడాలని రూలు. కెనెష్ బాబాయి చెవులు నలభై ఏళ్ళు కుస్తీ పట్టి పట్టి నలిగి ముద్దయిపోయాయి కదా. స్టూడియో అమ్మాయి "మీ చెవులు సరిగ్గా పడట్లేదండీ" అని మూడుసార్లు తీసింది. "ఇవేనమ్మా ఉన్నవి. ఇంకో జత ఇంట్లో లేదు" అన్నాడు బాబాయి.

అన్ని ఫారాలూ తీసుకున్నారు. నాది తిరిగొచ్చింది.

తండ్రి పేరు గడిలో అసన్‌కుల్ అని రాశాను. తల్లి పేరు గడిలో బూరుల్ అని రాశాను. అబద్ధం రాయాలని రాయలేదన్నయ్యా. ఆ గడుల్లో ఇంకెవరి పేరైనా ఉండొచ్చని నాకు తట్టనే లేదు. ఒకటో తరగతి నుంచీ అదే రాస్తున్నాను. జనన పత్రం నకలు మా స్కూలు ఆఫీసు వాళ్ళు కవర్లో పెట్టి అంటించి ఇచ్చారు. నేను చూడలేదు. అందులో నీ పేరుంది. జామీరా వదిన పేరుంది.

వీసా కేంద్రంలో కిటికీ వెనకాల ఆమె మన దేశం మనిషి కాదు. నాకు వచ్చిన ఇంగ్లీషంతా వాడాను. మా వాళ్ళలో మొదటి బిడ్డ పుడితే తాత నాయనమ్మలకి ఇచ్చేస్తారండీ, వాళ్ళే అమ్మా నాన్నా అవుతారు, కన్నవాళ్ళని అన్నయ్యా వదినా అని పిలుస్తాం, అందరిళ్ళల్లోనూ ఇంతే అన్నాను. ఆమె మర్యాదగా అంతా విని "దత్తత కాగితం ఉందా" అంది. లేదన్నాను. "మరి ఏ కాగితం ఉంది" అంది. ఏదీ లేదన్నాను. ఆమె పెన్నుకి మూత పెట్టేసింది.

ఇప్పుడు కొత్త ఫారం రాయాలి. పద్దెనిమిది నిండని పిల్ల దేశం దాటాలంటే కన్నవాళ్ళిద్దరూ ఒప్పుకుంటున్నట్టు, ఒక్కొక్కరిదీ నోటరీ ముద్రతో కాగితం కావాలి. ఆగస్టు 25 లోపు ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారట. నాన్న ఫారంలో "కూతురితో ప్రయాణం" అని రాసింది కూడా నేనే. అందుకని నాన్నది కూడా నా ఫైలుతోపాటే ఆగిపోయింది. మిగతా ముగ్గురివీ ముందుకెళ్ళాయి. నాన్నతో "మనిద్దరివీ కలిపి చూస్తున్నారట, అందుకే ఆలస్యం" అన్నాను. తిరిగొచ్చిన కాగితం నా అట్లాస్‌లో ఆఫ్రికా పేజీల మధ్య ఉంది. ఎవరికీ తెలీదు.

అమ్మకి తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. నాలుగో తరగతిలో స్కూలు గుమాస్తా "మీరు తల్లి కాదుగా, మీ సంతకం చెల్లదు" అన్నాడు. అప్పుడు నాకు ఆ గుమాస్తాదే పొరపాటు అనిపించింది. ఆ ఏడాదంతా అమ్మ నన్ను తీసుకెళ్ళడానికి వస్తే గేటు బయటే నిలబడేది. వానలో కూడా.

నువ్వు ఒక కాగితం రాసి ముద్ర వేయించి పంపు. అత్‌బాషీ నుంచి వదిన సంతకం కూడా ఎలాగో నువ్వే తెప్పించు. నేను అడగలేను. ఆమె ఎప్పుడొచ్చినా "చదువెలా ఉంది" అని ఒక్క మాట అడిగి, నేను జవాబు చెప్పేలోపే లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోతుంది. నాకు భయం.

పొయ్యిలో వెయ్యి. మర్చిపోకు.

నీ చెల్లెలు
తాన్‌సులూ


తాష్‌బెల్ వాతావరణ కేంద్రం,
జూన్ 23

తాన్‌సులూకి దీవెనలు.

ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. సొవెత్ తెచ్చిన బొగ్గు తడిసిపోయి ఉంది, పొయ్యే వెలగట్లేదు. పిండి డబ్బా కింద దాచాను. నాతో పనిచేసే దుయిషెన్ పిండి డబ్బా జోలికి రాడు, వస్తే రొట్టె చెయ్యాల్సి వస్తుందని.

ఇక్కడ నిన్న మంచు పడింది. జూన్‌లో ఇది మాకు మామూలే. గాలి ఉత్తరం నుంచి. దుయిషెన్ తనతో తనే చదరంగం ఆడి ఓడిపోయాడు, పొద్దుటినుంచి మొహం మాడ్చుకుని కూర్చున్నాడు.

నీ పని సంగతి. మేమిక్కడ ఇద్దరమే. మూడు గంటలకొకసారి రీడింగు తీసి రేడియోలో పంపాలి, రోజుకి ఎనిమిదిసార్లు. ఒకడు దిగితే రెండోవాడికి కునుకుండదు. మూడో మనిషి వచ్చేది సెప్టెంబర్ పదిన. నోటరీ ఉండేది అత్‌బాషీలో. గుర్రం మీద కింద ఊరికి ఒక రోజు, అక్కణ్ణించి బండి దొరికితే ఇంకో పూట. చూద్దాం. ఇంకా రెండు నెలలుంది.

వదిన సంతకం నేను తెప్పించలేను. తెప్పించలేను అని రాశానుగానీ తెప్పించను అనుకో. నీకు కావాల్సింది నువ్వే అడగాలి. ఆ కాగితం అమ్మకి చూపించడం కూడా మంచిది. అమ్మ నువ్వనుకున్నంత మెత్తటి మనిషి కాదు. ఒకసారి నేను బడి ఎగ్గొట్టి నాన్నతో కుస్తీ పోటీకి పోతే, మా ఇద్దర్నీ కలిపి వాకిట్లో నిలబెట్టింది. నాన్న కూడా చేతులు కట్టుకునే నిలబడ్డాడు.

కెనెష్ బాబాయికి చెప్పు, ఆయన చెవులు నాకిక్కణ్ణించి బాగానే కనపడుతున్నాయని.

ఉర్మత్


బిష్కెక్,
జూలై 4

ఉర్మత్ అన్నయ్యకి,

"చూద్దాం" అని రాశావు. పళ్ళ డాక్టరు దగ్గరకి వెళ్ళమంటే నాన్న అనే మాట అది. ఆయన ఎన్నిసార్లు వెళ్ళాడో నీకూ తెలుసు.

నేను వదినకి రాయలేదు. అమ్మకి చూపించలేదు. నువ్వు మాత్రం ఎవరికైనా చెప్పావా ఏమిటి?

నిన్న సాయంత్రం వాకిట్లో వీళ్ళంతా అక్కడి విమానాశ్రయంలో ఏమడుగుతారో అభ్యాసం చేశారు. కెనెష్ బాబాయి డామినోల బల్ల వెనకాల కూర్చుని అధికారి వేషం కట్టాడు. తలకి ఎవరిదో పోస్టుమాన్ టోపీ. నాన్న ఎదురుగా నిలబడ్డాడు.

"ఎందుకొచ్చావు?"

"కుస్తీ చూడ్డానికి."

"తిరిగి వెళ్తావా, ఇక్కడే ఉండిపోతావా?"

"నేను వెళ్ళకపోతే మా బూరుల్ నన్ను వెతుక్కుంటూ వస్తుంది. ఆ తర్వాత కష్టం మీ దేశానికి, నాకు కాదు."

అమ్మ పైనుంచి కిటికీలో "అన్నీ వినపడుతున్నాయి" అంది.

"సరే. ఈ అమ్మాయి ఎవరు?"

"నా కూతురు."

"నీకు డెబ్భై ఒకటి. దీనికి పదిహేను. మీ ఆవిడ గట్టిదే."

అందరూ పడీ పడీ నవ్వారు. నాన్న కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడు. నేను లోపలికెళ్ళి అట్లాస్ తీసి చూసుకున్నాను. కాగితం అక్కడే ఉంది.

ఇంకొకటి చేశాను. తిట్టకు. నేనే ఒక ఒప్పుదల కాగితం టైపు చేసుకుని, ఇంట్లో చెప్పకుండా నోటరీ దగ్గరకి పోయాను. ముద్ర వేస్తే చాలు, సంతకాలు తర్వాత పెట్టిస్తానని చెప్దామనుకున్నాను. లోపలున్నావిడ కాగితం చూసి "మీ అమ్మ ఏదీ" అంది.

"ఏ అమ్మ" అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది.

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసి "మొదటి బిడ్డవా" అంది. తలూపాను. "నేనూ మా నాయనమ్మ పిల్లనే. అయినా పెట్టాల్సిన వాళ్ళు వచ్చి పెడితేనే నేను ముద్ర వేస్తాను" అంది. బిస్కెట్ ఇచ్చింది. నోటరీ లేని మారుమూల ఊళ్ళో అయితే ఊరి అధికారి ముద్ర చెల్లుతుందని కూడా చెప్పింది. అది నీ కోసమే అడిగాను. కింద ఊళ్ళో అధికారి ఉన్నాడుగా. అత్‌బాషీ దాకా పోనక్కర్లేదు.

నిన్నొకటి అడగాలి. పన్నెండు రోజులు నన్ను ఇంకో దేశం తీసుకెళ్ళడానికి ఇద్దరి సంతకాలు కావాలి, రెండు ముద్రలు కావాలి. మరి నన్ను ఎప్పటికీ ఇచ్చేసినప్పుడు నువ్వేమైనా సంతకం పెట్టావా? దానికి ఏ కాగితమూ అక్కర్లేదా?

ఇది రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యట్లేదు.

తాన్‌సులూ


తాష్‌బెల్ వాతావరణ కేంద్రం,
జూలై 19

తాన్‌సులూకి,

ఏ కాగితమూ లేదు.

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ఈ ఒక్క వాక్యం మొదటిరోజే రాశాను. మిగతాది ఇవాళ రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగు, వదినకి ఇరవై ఒకటి. అత్‌బాషీ ఊరి కేంద్రంలో పని. నీకు నలభై రోజులు నిండాక, ఫిబ్రవరిలో, నాన్నా అమ్మా వచ్చారు. అమ్మ వదినకి తెల్లటి కొత్త తలగుడ్డ కట్టింది. రొట్టె విరిచారు. పొద్దున్నే నాన్న తన తోలు కోటు విప్పి నిన్ను అందులో చుట్టాడు. కోటు లేకుండా, స్వెటర్‌తోనే బండెక్కాడు. అంతే జరిగింది. అమ్మకి నేనొక్కణ్ణే, నేను కొండలెక్కేశాను, వాళ్ళిల్లు ఖాళీ అయిపోయింది. నువ్వెళ్ళి నింపావు. అది తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. తేలిగ్గా ఇచ్చామా అని అడిగితే, అది వేరే సంగతి.

వాళ్ళ బండి వెళ్ళాక పన్నెండు గంటల రీడింగు నాది. మంచు ఎంత పడుతోందంటే రోడ్డుకి అటువైపు చెట్లు కనపడట్లేదు. నేను పుస్తకంలో "ఆకాశం నిర్మలం, పది కిలోమీటర్ల దాకా కనపడుతోంది" అని రాసి పంపేశాను. మర్నాడు పెద్దాఫీసు నుంచి ఫోను: "లోయంతా మంచు తుపాను, మీ ఒక్కరికే ఎండ కాసిందేమిటయ్యా?" పొరపాటైంది అన్నాను. సర్వీసులో నేను రాసిన తప్పుడు రీడింగు అదొక్కటే. దిద్దమన్నారు, దిద్దలేదు. ఆ పుస్తకంలో ఇంకా అలాగే ఉంది. కాబట్టి గడిలో తప్పు రాసినందుకు నిన్ను తిట్టే అర్హత నాకు లేదు.

వదిన గురించి నీకెవరూ చెప్పి ఉండరు. ఇచ్చిన బిడ్డని పెద్దవాళ్ళ ముందు కన్నవాళ్ళు దగ్గరకి తీసుకోకూడదు, ముద్దు చెయ్యకూడదు. చేస్తే పెంచేవాళ్ళకి అవమానం. అది మన మర్యాద. నీ చదువు గురించి అడిగి ఇంకో గదిలోకి వెళ్ళేది అందుకే. ఆ గదిలో ఏం చేస్తుందో నేనెప్పుడూ అడగలేదు. పదిహేనేళ్ళుగా పాటిస్తోంది.

వచ్చే నెల నేను దిగుతున్నాను. ఎలా కుదిరిందని అడగకు. అధికారి ముద్ర చెల్లుతుందని కనుక్కోవడం మంచి పని. నాకు తట్టలేదు. నువ్వు వదినకి రాయి. నా ఉత్తరం పంపకు, నీ మాటల్లో రాయి.

ఉర్మత్


బిష్కెక్,
ఆగస్టు 5

అన్నయ్యకి,

వదినకి రాశాను. ఏడు వాక్యాలే. జవాబు రాలేదు. వదినే వచ్చింది.

మొన్న మధ్యాహ్నం. అమ్మ తలుపు తీసింది. నేను వంటింట్లో ఆప్రికాట్ గింజలు పగలగొడుతున్నాను. వదిన గొంతు వినగానే నా చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది.

"ఏమ్మా, కబురైనా లేదు" అంది అమ్మ.

"పిల్ల ఉత్తరం రాసింది అత్తయ్యా."

"ఏ పిల్ల?"

"మన పిల్లే."

తలుపు బార్లా తీసిన చప్పుడైంది. తర్వాత అమ్మ "లోపలికి రా. బూట్లు అక్కడే విప్పు, ఇప్పుడే తుడిచాను" అంది.

నన్ను పిలిచారు. వెళ్ళక తప్పలేదు. వదిన సంచీలోంచి ఒక కవరు తీసి, రెండు చేతులతో అమ్మ ముందు పెట్టింది. నావైపు చూడలేదు. "అత్‌బాషీ నోటరీ దగ్గర చేయించాను. మీరు చూసి సరేనంటేనే దానికివ్వండి" అంది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చి చదివింది. ఆ కాగితంలో "నా కూతురు తాన్‌సులూ" అని ఉంది, మూడుచోట్ల. నేను తర్వాత లెక్కపెట్టాను.

"ముద్ర బాగానే పడింది" అంది అమ్మ. "సంతకం ఇంత చిన్నగా పెట్టావేం? పెద్దదే పెట్టొచ్చుగా. నీ బిడ్డే కదా."

వదిన టీ గిన్నె పట్టుకుని అందులోకే చూస్తూ కూర్చుంది.

అమ్మ లేచి లోపలికెళ్ళి పెట్టెలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో నా అసలు జనన పత్రం, మడతలు పోయేలా ఇస్త్రీ చేసి ఉంది. దాని వెనకాల నేను దాచిన కాగితం. "ఆఫ్రికాలో పెడితే నేను అంతదూరం వెళ్ళలేననుకున్నావా" అంది. అట్లాస్ మీద దుమ్ము దులిపిన రోజే దొరికిందట. ఇంగ్లీషు రాదు కాబట్టి కింద మందుల షాపు అమ్మాయితో చదివించుకుందట. మూడు వారాల క్రితం. ఆ తర్వాత రోజూ దాన్ని తీసి చూసుకుని మళ్ళీ అక్కడే పెట్టేదట, మొన్న పొద్దున మాత్రం తన దగ్గరే ఉంచేసుకుందట.

"మరి నాకెందుకు చెప్పలేదు" అన్నాను.

"నీకు తెలిసి బాధపడుతున్నావని నాకు తెలిసిందని నీకు తెలిస్తే ఇంకా బాధపడతావని" అంది. నేను ఇంకోసారి చెప్పమన్నాను. "ఒకసారి చాల్లే" అంది.

స్కూలు గేటు సంగతి కూడా అడిగేశాను. అమ్మకి మొదట గుర్తే రాలేదు. "ఓ అదా. ఆ గుమాస్తా మొహం చూడ్డం ఇష్టంలేక నిలబడ్డాను. వాడి దగ్గర ఉల్లిపాయల కంపు" అంది. నమ్మాలో వద్దో తెలీలేదు. కానీ వదిన నవ్వింది. అమ్మ ముందు వదిన పైకి నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత అమ్మ తలగుడ్డ సర్దుకుంది. "రొట్టె పిండిలోకి ఈస్ట్ అయిపోయింది. కొట్టు దాకా వెళ్ళొస్తాను. గంట పడుతుంది" అంది. కొట్టు మా మెట్ల కిందే ఉందన్నయ్యా. రెండు నిమిషాలు కూడా పట్టదు.

తలుపు మూసుకున్నాక వదిన, నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. "జడ సరిగ్గా లేదు, ఇటు రా" అంది. వెళ్ళి ముందు కూర్చున్నాను. అల్లింది. బాలేదని విప్పేసింది. మళ్ళీ అల్లింది. మళ్ళీ విప్పింది. గంటలో మూడుసార్లు. మేమేమీ పెద్దగా మాట్లాడుకోలేదు. చదువెలా ఉందని అడిగింది. ఈసారి మొత్తం చెప్పాను, లెక్కల్లో తప్పిన పరీక్షతో సహా.

అమ్మ సరిగ్గా గంటకి వచ్చింది. చేతిలో ఈస్ట్ లేదు.

సాయంత్రం నాన్నకి చెప్పాం. ఆయన అంతా విని "ఇంతేనా" అన్నాడు. "నా రక్తపోటు ఎక్కువని నా ఫైలు ఆపేశారనుకున్నాను. నెలరోజులుగా ఉప్పు మానేసి చస్తున్నాను. ఆ డబ్బా ఇటివ్వండి."

ఇంట్లో ముగ్గురం మూడు దాచుకున్నాం. నువ్వు నాలుగో మనిషివి.

ఇక నీ కాగితం ఒక్కటే రావాలి. ఇరవై ఐదో తేదీ. నాన్న కేలెండర్లో రోజూ ఒక గడి కొట్టేస్తున్నాడు. ఆయన పెట్టె అప్పుడే సర్దేసుకున్నాడు. రోజూ తెరిచి చూసి మళ్ళీ మూస్తున్నాడు. దయచేసి త్వరగా.

తాన్‌సులూ


తెరెక్‌సూ ఊరు,
ఆగస్టు 17

తాన్‌సులూకి,

కాగితం దీంతోపాటే ఉంది. సొవెత్ వాళ్ళ తమ్ముడు బిష్కెక్ వస్తున్నాడు, నీ చేతికే ఇస్తాడు.

దుయిషెన్ మూడు రోజులు ఒక్కడే రీడింగులు చూస్తానన్నాడు. బదులుగా వచ్చే వేసవి దాకా గిన్నెలు నేనే కడగాలి. ఎలా కుదిరిందో చెప్పనన్నాను, చెప్పేశాను.

నిన్న ఈ కింద ఊరికి వస్తే అధికారి ఆఫీసులో లేడు, గడ్డి కోస్తున్నాడు. పొలానికెళ్తే ముద్ర లేదు, అది వాళ్ళావిడ పెట్టెలో ఉంది, ఆవిడ తాళంచెవితో పక్క ఊరి పెళ్ళికి వెళ్ళింది. "రేపు రండి" అన్నాడు. నేను వెళ్ళలేదు, కొడవలి తీసుకుని ఆయనతోపాటు గడ్డి కోశాను. నా గుర్రం మేమిద్దరం కోసిందాన్ని తిన్నది. ఇవాళ పొద్దున్నే ఆవిడ వచ్చింది. గడ్డిమోపు మీద కాగితం పెట్టి ముద్ర కొట్టాడు కాబట్టి కొంచెం వంకరగా పడింది. చూడ్డానికి బాగాలేదుగానీ చెల్లుతుంది, రెండుసార్లు అడిగాను.

కాగితంలో "బిడ్డకు ఏమవుతారు" అని ఒక ఖాళీ ఉంది. అక్కడ నేను రాసిన ఆ ఒక్క మాట ఈ పదిహేనేళ్ళలో ఎక్కడా రాసి ఎరగను. నీ తర్వాత పుట్టి మా దగ్గరే పెరుగుతున్న నీ తమ్ముళ్ళ కాగితాల్లో రాశాను, అది లెక్కకి రాదు. పెన్ను బాగానే నడిచింది. అధికారి "ఏమయ్యా, అంత సేపు" అన్నాడు. గాలి అన్నాను. గాలి లేదు.

నువ్వు మాత్రం పిలుపు మార్చకు. నువ్వు నన్ను ఇంకోలా పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నావా అని వెనక్కి తిరిగి చూస్తాను.

వెళ్ళు. నాన్నని విమానంలో కిటికీ పక్కన కూర్చోబెట్టు. మేఘాలు పైనుంచి ఎలా ఉంటాయో చూసి నాకు రాయి. నేనెప్పుడూ కిందనుంచే చూశాను.

ఉర్మత్


బుడాపెస్ట్,
సెప్టెంబర్ 16

ఉర్మత్ అన్నయ్యకి, జామీరా వదినకి,

ఇద్దరికీ ఒకటే రాస్తున్నాను, చదివి ఒకరికొకరు పంపుకోండి.

ఇరవై మూడున కాగితాలిచ్చాం. కిటికీ వెనకాల ఆమె వంకర ముద్రని లైటు కింద పెట్టి చాలాసేపు చూసింది. అమ్మ నా పక్కనే ఉంది, గేటు బయట కాదు, లోపల, కుర్చీలో. పదకొండు రోజుల తర్వాత వీసాలొచ్చాయి. నాన్న పాస్‌పోర్ట్ తెరిచి ఆ పేజీని వాసన చూశాడు.

మేఘాలు పైనుంచి చూస్తే ఉతికిన ఉన్ని ఆరబెట్టినట్టున్నాయి. నాన్న కిటికీకి ముక్కు ఆనించి ఐదు గంటలూ అలాగే కూర్చున్నాడు. భోజనం కూడా కిటికీ వైపు తిరిగే తిన్నాడు.

ఇక్కడ దిగాక అధికారి నా కాగితాలన్నీ బయటకి తీయమన్నాడు. మీ ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చదివాడు. తర్వాత నాన్నని చూపించి, ఈయన నీకేమవుతారని నన్నడిగాడు. నాన్న నా పక్కనే ఉన్నాడు. వీళ్ళు రాసుకున్నదానికీ నేను చెప్పేదానికీ తేడా వస్తే వెనక్కి పంపేస్తారు, నన్నొక్కదాన్నే కాదు, నాన్నని కూడా. ఇంగ్లీషులో "మా తాత" అన్నాను. ఆ మాట నా నోటితో ఎప్పుడూ అనలేదు. అధికారి టపీమని ముద్ర కొట్టేశాడు.

దాటాక నాన్న అడిగాడు. "ఏమన్నాడు?"

"నువ్వు నాకేమవుతావని."

"ఏం చెప్పావు?"

"కాగితాల్లో ఉన్నదే చెప్పాను."

నాన్న నాలుగడుగులు వేశాడు. "వాడికి కాగితం చాలు" అన్నాడు. "పద. ఆ సంచీ నువ్వు పట్టుకో, నా మోకాలు లాగుతోంది. బయట ఏం రాశారో చదువు."

ఇప్పుడు హాల్లో ఉన్నాం. విరామంలో రాస్తున్నాను. మనవాడు ఒక్క పాయింటుతో ఓడిపోయాడు. కెనెష్ బాబాయి లేచి నిలబడి రిఫరీకి మన భాషలో అన్నీ చెప్పాడు. వెనక వరసలో ఇరాన్ వాళ్ళు, ఏం అర్థమైందో ఏమో, చప్పట్లు కొట్టి పిస్తా పప్పులిచ్చారు. నాన్నకి ఓడిపోయినందుకు బాధ లేదు. పెద్ద తెరమీద వచ్చిన ప్రతి పేరూ చదివి వినిపించమంటున్నాడు, కుస్తీవాళ్ళవీ, రిఫరీలవీ, తలుపు దగ్గర అగ్నిమాపక సూచనలతో సహా. నా గొంతు పోయింది. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని నేను చూడలేదు. నేనూ బాగున్నాను. ఇక్కడికొచ్చి రెండు రోజులైంది, ఎవరి దగ్గరా ఏమీ దాచలేదు.

ఇంకో సంగతి, ఇది అన్నయ్యకి. విమానాశ్రయానికి మమ్మల్ని దింపింది సొవెత్ మామే. దారిలో అడిగాను. తాష్‌బెల్ సరిహద్దు పట్టీలో ఉందట, కొండెక్కడానికి పాస్ కావాలట. ఫారంలో అక్కడున్న మనిషితో బంధుత్వం ఏమిటని ఒక గడి ఉంటుందట. మమ్మల్ని సాగనంపడానికొచ్చిన వదిన అది విని తనకీ ఒకటి కావాలంది. తను కూడా ఎప్పుడూ పైకి రాలేదటగా. మేలో మాకు సెలవులు. రెండు ఫారాలు పంపు.

ఉత్తరాల్లో నువ్వు అన్నయ్యవే. ఆ గడిలో ఏం రాయాలో మాత్రం ఈసారి నేనెవర్నీ అడగను.

తాన్‌సులూ